ఇంకా గాలి ఉన్నది

ఇట్లా దగ్గరికి జరిగి కూర్చోండి. ఆ గడప దగ్గర వద్దు, అక్కడ ఎండ పడుతుంది. ఈ చాప మీద నా పక్కన చోటుంది. చేతిలో పనుంటే తెచ్చుకోండి, బియ్యం ఏరుకుంటూ కూడా వినొచ్చు. నేను చెప్పేది పెద్ద కథేం కాదు, మా పాత కారు బ్రేకు సంగతి. బ్రేకులో చెప్పడానికేముంటుందని నవ్వకండి. నా కాపురంలో సగం ముచ్చట్లు ఆ బ్రేకు దగ్గరే నడిచాయి.

పెళ్ళయి నేను హైదరాబాదు కార్వాన్‌కు వచ్చేనాటికి మా ఆయన బహదూర్‌పురాలో జూపార్కు ముందర అడ్డా మీద కారు నడిపేవాడు. తెల్లకారు, పాతదే కొన్నాడు. మేముండేది రెండు గదుల కిరాయి వాటా. అత్త, మామ, పెళ్ళికాని ఆడబిడ్డలు, మేము. గదికీ గదికీ మధ్య తలుపు లేదు, పాత చీర కట్టిన తెర. కొత్తగా వచ్చిన పిల్ల మొగుడితో రెండు మాటలు మాట్లాడాలంటే ఎక్కడ మాట్లాడుతుంది? అన్నం పెడుతూ నేను "చాలా?" అనేదాన్ని. ఆయన "చాలు" అనేవాడు. ఆనాటికి మా ముచ్చట అయిపోయినట్టే.

సోమవారం జూ మూత. ఆ రోజు ఆయనకు కిరాయిలు తక్కువ, బండి పనులన్నీ సోమవారమే పెట్టుకునేవాడు. ఒక సోమవారం ముందు చక్రాల బ్రేకు సామాను మార్చి, ఇంట్లోకి తొంగిచూసి వాళ్ళమ్మతో అన్నాడు.

"అమ్మా, కోడలును ఒక్కసారి బయటికి తోలు. పెడల్ తొక్కాలె."

"కొత్త కోడలును గల్లీల కారెక్కిస్తవారా? మందేమంటరు?"

"ఒక్క నిమిషం పని అమ్మా. నేను చక్రం కాడ ఉండాలె, లోపల ఎవరో ఒకరు తొక్కాలె. ఇద్దరు లేకుంటే గాదు."

కొంగు తల మీద కప్పుకుని పోయి డ్రైవరు సీట్లో కూర్చున్నాను. తలుపు తెరిచే ఉంది. పెడల్ మీద కాలు పెడితే అది దూదిదిండులా మెత్తగా అడుగుదాకా దిగిపోయింది. నేనేదో పాడుచేశాననుకుని గబుక్కున కాలు తీశాను.

"నువ్వేం జెయ్యలే," అన్నాడు చక్రం పక్క నుంచి. "లోపల గాలి చేరింది. గంతే."

ఆయన చెప్పిన తీరులోనే చెప్తాను. బ్రేకు గొట్టాల్లో నూనె ఉంటుంది. ఇక్కడ పెడల్ తొక్కితే ఆ నూనె పోయి అక్కడ చక్రాన్ని పట్టుకుంటుంది. సామాను మార్చడానికి గొట్టం విప్పితే గాలి జొరబడుతుంది. నూనె నలగదు, గాలి నలుగుతుంది. అందుకే పెడల్ మెత్తబడుతుంది. ఆ గాలి బయటికి పోవడానికి చక్రం దగ్గర చిన్న మొన ఉంటుంది, నిప్పిల్ అంటారు. దానికి ఒక సన్నటి పారదర్శకపు పైపు తొడిగి, పైపు రెండో కొసను నూనె పోసిన సీసాలో ముంచేవాడు. ఆ సీసాను తీగతో నా పక్క తలుపుకు బయట, వెనక బండ్లు చూసే అద్దానికి వేలాడదీసేవాడు. నిప్పిల్ విప్పినప్పుడల్లా సీసాలో బుడబుడమని బుడగలొచ్చేవి. బుడగలు ఆగిపోతే గాలి పోయినట్టు.

"తొక్కు."

"తొక్కిన."

"మల్ల తొక్కు. మల్ల. పట్టు."

"పట్టిన."

ఆయన నిప్పిల్ వదులు చేసేవాడు. నా కాలి కింద పెడల్ నెమ్మదిగా నేలకు దిగేది.

"దిగింది."

"గట్లనే ఉంచు. నేను అనేదాక ఇడువకు. ముందుగాల ఇడిస్తే పోయిన గాలి మల్ల లోపలికొస్తది." నిప్పిల్ బిగించాక అనేవాడు, "ఇగ ఇడువు."

ఆయన ముఖం నాకు కనపడేది కాదు. నా ముఖం ఆయనకు కనపడేది కాదు. కింది నుంచి గొంతు వస్తుంది, పై నుంచి గొంతు పోతుంది. గల్లీలో పోయేవాళ్ళకు అది బండి రిపేరు. పిల్లలు కూడా ఆగి చూసేవాళ్ళు కాదు. కాసేపటికి ఆ గొంతులోకి వేరే మాటలు చేరాయి.

"పట్టు. నిన్న కూరల ఉప్పు ఎక్కువైంది."

"పట్టిన. మరి అప్పుడే చెప్పకపోతివి?"

"అమ్మ ఇంటదని చెప్పలే. ఇడువు."

నేను నవ్వు ఆపుకోలేక కొంగు నోట్లో కుక్కుకున్నాను.

"పట్టు. మొన్న సవారీని దించనీకె చార్మినార్ కాడికి పోయిన. గాజులు చూసిన. నీకు ఏ రంగు తేవాలె?"

"పట్టిన." పెడల్ నేలకు దిగింది. కాసేపటికి అన్నాను, "ఆకుపచ్చ."

"ఇడువు."

అప్పటికే పెడల్ రాయిలా గట్టిపడింది. సీసాలో ఒక్క బుడగ కూడా లేదు. "గట్టిగైంది," అన్నాను.

"లే, ఇంకా గాలి ఉన్నది. తొక్కు."

సీసా చూశాను. నూనె కదలకుండా నిలిచి ఉంది. అప్పుడు అర్థమైంది నాకు. తొక్కాను.

ఇంట్లోంచి అత్త కేకేసింది. "ఏందిరా? ఒక్క నిమిషమంటివి. పొయ్యి మీద పప్పు మాడబట్టే!"

"ఇంకా గాలి ఉన్నదమ్మా!"

అది మొదలు. ఆ తర్వాత ఎప్పుడు బ్రేకు సామాను మార్చినా ఆ సీటు నాదే. ఆడబిడ్డలు మేం తొక్కుతామని వస్తే, "మీకు తెల్వది, మీరు ముందుగాల్నే ఇడుస్తరు," అని పంపేవాడు. మా మామ పోయినప్పుడు ఆయన ఇంట్లో కంటతడి పెట్టలేదు. వచ్చినవాళ్ళకు చాయ్ పోశాడు, కుర్చీలు వేశాడు. దినాలయ్యాక ఒక సోమవారం బ్రేకు పని పెట్టుకున్నాడు. "పట్టు" అన్నాడు. పెడల్ దిగింది. ఆ తర్వాత "ఇడువు" అన్న మాట ఎంతకీ రాలేదు. కింద ముక్కు ఎగబీల్చిన చప్పుడు వినబడింది. కాలు తిమ్మిరెక్కి పిక్క బిగుసుకుపోయినా పెడల్ మీద నుంచి తీయలేదు. చాలాసేపటికి గొంతు సవరించుకుని "ఇడువు" అన్నాడు.

తరువాత తరువాత ఇల్లు ఖాళీ అయింది. ఆడబిడ్డలు అత్తగారిళ్ళకు పోయారు, అత్త కూడా దాటిపోయింది. మాకున్నది ఒక్కతే బిడ్డ, తను బడికి పోతే ఇంట్లో మేమిద్దరమే. ఎక్కడైనా మాట్లాడుకోవచ్చు. అయినా గుండెలో ఉన్న మాట మాకు అక్కడే వచ్చేది. అలవాటు పడ్డ ప్రాణాలు.

పోయినేటి ముందటి వానాకాలంలో మా ఆయన పోయాడు. వానకు తడవకుండా కారు మీద తాడిపత్రి గుడ్డ కప్పాము. పొద్దున్నే వాకిలి ఊడ్చేటప్పుడు అంచు ఎత్తి ఆ అద్దం ఒక్కటి తుడిచేదాన్ని. లోపల మాత్రం కూర్చోలేదు. కూర్చుంటే కింది నుంచి గొంతు రావాలి కదా. రాకుంటే ఎట్లా అని.

ఇప్పుడు ఇంటి సేటు మనమరాలి పెళ్ళి వచ్చింది. గల్లీలో షామియానా వేయాలి. సేటు మంచివాడే, నెమ్మదిగానే చెప్పాడు. "అమ్మా, శుక్రారం వరకు బండి తీయాలె. ఏమనుకోకు."

నా బిడ్డ ఆఫీసులో కంప్యూటరు మీద పనిచేస్తుంది. నేనేమంటానో అని భయపడుతూనే అడిగింది. "అమ్మా, నిలబడి నిలబడి బ్రేకులు పట్టేసినయి. బాగుచేపిద్దాం. నడిస్తే ఉంచుకుందాం, నేనే నడుపుత. నడవకుంటే కబాడీకి ఇచ్చేద్దాం. సరేనా?"

సరే అన్నాను. ఇంకేమనను? నోటితో సరే అన్నానే గానీ, ఆ రాత్రి నాకు అన్నం దిగలేదు. పాత ఇనుము కొనే కబాడీవాళ్ళు ముందు తలుపులు ఊడబీకుతారు. ఆ అద్దం ఏ కుప్పలో పడుతుందో.

బహదూర్‌పురాలో మా ఆయన దోస్తు ఉన్నాడు, మెకానిక్ భాయ్. ఇద్దరూ పడుచువాళ్ళప్పటి నుంచి జోడీ. ఇప్పుడు భాయ్‌కు నడుము పోయింది, కింద పడుకోలేడు. దుకాణం కొడుకులకు ఇచ్చేశాడు. కబురు చేస్తే ఆదివారం పొద్దున్నే ఆటోలో వచ్చాడు, ఒళ్ళో కొత్త బ్రేకు సామాను డబ్బాలు పెట్టుకుని. మా అరుగు మీది ప్లాస్టిక్ కుర్చీ తెప్పించి కారు ముందర వేయించుకుని, దర్బారులో కూర్చున్నట్టు కూర్చున్నాడు.

"బిడ్డా, తలకాయ నాది, చేతులు నీయి. ఫికర్ చెయ్యకు. నీ బాపు లెక్క చేస్తే మాత్రం పొద్దుగూకుతది."

"బాపు గంత స్లోనా చాచా?"

"అరే, బ్రేకుల గాలి తీసుడు ఎంతసేపు పని? నేనైతే చాయ్ చల్లారేలోపు తీస్త. మీ బాపు పగటి అన్నానికి కూడ లేవకపోతుండె! మంచోడు, బంగారం లాంటోడు. గాని గా ఒక్క పని రాదు వానికి."

నా బిడ్డ నా వైపు తిరిగింది. "నిజమానే అమ్మా? బాపుకు రాదా?"

"వచ్చు బిడ్డా," అన్నాను. "మస్తు వచ్చు." అని చాయ్ పెట్టే వంకతో లోపలికి పోయాను.

రెండు ముందు చక్రాలూ విప్పారు. చక్రంతో పాటు తిరిగే పళ్ళాన్ని పిడికిలిలా పట్టుకునే సామాను ఉంటుంది, క్యాలిపర్ అంటారు. రెండు పక్కలా పాతవి తీసి కొత్తవి బిగించారు. భాయ్ కుర్చీలోంచి "గది గీ దిక్కు, గిది గా దిక్కు" అని చెయ్యి చూపిస్తుంటే నా బిడ్డ బిగించింది. తరువాత గాలి తీయడానికి నేను పోబోతే, "నీకు మోకాళ్ళ నొప్పులు, వద్దమ్మా," అంది. భాయే నడుము పట్టుకుని ఎక్కి కూర్చుని తొక్కాడు. చాయ్ చల్లారింది. ఇంకో చాయ్ కూడా చల్లారింది. సీసాలోకి నూనె వస్తున్నదే గానీ బుడగ లేదు. పెడల్ మాత్రం మెత్తగానే ఉంది.

భాయ్ నవ్వు ఆగిపోయింది. "పెడల్ కాడ పెద్ద సిలిండర్ ఉంటది. గది పోయినట్టున్నది బిడ్డా. గీ మోడల్‌ది ఇప్పుడు దొరుకుడు కష్టం. నేను చూస్త."

ఆయన చూశాడు. తెలిసిన దుకాణాలన్నీ అడిగాడు. దొరకలేదు. బుధవారం నా బిడ్డ నెమ్మదిగా వచ్చి నా పక్కన కూర్చుని, "అమ్మా, రేపు పొద్దుగాల కబాడీ ఆయనను రమ్మన్న," అని చెప్పింది. నా చేయి పట్టుకుంది. నేను తల ఊపాను.

గురువారం తెల్లారింది. కారును సాగనంపడానికి భాయ్ కూడా వచ్చాడు. ముగ్గురం కారు చుట్టూ నిలబడ్డాం. నాకేమనిపించిందో, తాడిపత్రి లాగేసి, "బిడ్డా, పోయేది ఎట్లన్నా పోతది. ఒక్కసారి నన్ను కూసోనియ్యి. ఒక్కసారి తొక్కుత," అన్నాను.

"కూసో భాభీ," అన్నాడు భాయ్.

కూర్చున్నాను. సీటు పాతకాలపు గుంట గుంటగానే ఉంది. పెడల్ మీద కాలు పెట్టాను. మెత్తగా దిగింది. వెంటనే మళ్ళీ తొక్కాను, కొంచెం పైనే ఆగింది. ఇంకోసారి తొక్కితే ఇంకొంచెం పైన. అక్కడ బలంగా నొక్కి పట్టుకున్నాను. జారలేదు. ఎన్నో ఏళ్ళ కింద ఇదే సీట్లో ఉండగా కింది నుంచి మా ఆయన చెప్పిన మాట చెవిలో మోగింది.

"భాయ్," అన్నాను, "సిలిండర్ పోతే, పట్టి ఉంచినా కాలు మెల్లగ కిందికి జారాలె గదా? ఇది జారుతలేదు. తొక్కినకొద్ది పైకొస్తున్నది. గాలి ఉంటేనే గిట్ల అయితదని ఆయన చెప్తుండె."

భాయ్ ముఖం మారింది. "బాత్ సహీ హై, నిజమే. గాని భాభీ, గాలుంటే బుడగ రావాలె గదా! ఆదివారం ఎంత తీసినా ఒక్కటి రాకపాయె."

"మల్లొకసారి తీద్దాం."

"కబాడీ ఆయన వచ్చే టైమైందమ్మా," అంది నా బిడ్డ.

"వస్తే కూసుంటడు. చాయ్ పోద్దాం."

నా బిడ్డ చక్రం విప్పింది. సామాన్ల డబ్బాలోంచి మా ఆయన వాడిన పైపునూ సీసానూ తీసింది. పైపు నిప్పిల్‌కు తొడిగి, సీసా నేల మీద పెట్టింది. అది చూడగానే నాకు మనసొప్పలేదు.

"కింద పెట్టకు బిడ్డా. మీ బాపు గీ అద్దానికి యేలాడదీస్తుండె. నాకు బుడగలు కనపడుతుండె."

"ఎక్కడున్నా ఒక్కటే అమ్మా."

"నా కోసం పెట్టు."

నా బిడ్డ సీసా తెచ్చి అద్దానికి తగిలించి, పైపు కొసను దాంట్లో పెట్టబోయింది. పైపు అందలేదు. బెత్తెడు తక్కువైంది. లాగి చూసింది, నిప్పిల్ నుంచి ఊడొచ్చింది.

"పైపు చిన్నగున్నది అమ్మా."

"ఎట్ల చిన్నగైతది? అదే పైపు. అదే అద్దం." తలుపు మీద అద్దం కింద రంగు పోయిన మచ్చ చూపించాను. బ్రేకు నూనె బొట్టు పడితే కారు రంగు తినేస్తుంది. ఏళ్ళ తరబడి ఆ సీసా కారిన చోటు అది. "ఇగో, ఈడనే యేలాడుతుండె. పైపుకు ఇంకా బెత్తెడు ఎచ్చు ఉంటుండె. నాకు బాగ గుర్తున్నది."

నా బిడ్డ చక్రం దగ్గర గొంతుక్కూర్చుని చూసింది. "నిప్పిల్ గీడ కింద ఉన్నది. బాపు అప్పుడు కూడ గిట్లనే ఉంటుండెనా?"

"కింద?" భాయ్ గొంతు పెరిగింది. "నిప్పిల్ కింద ఎట్లుంటది? పైనుండాలె! గాలి పైకి పోతది, నూనె కిందికి దిగుతది. కిందికెళ్ళి తీస్తే నూనె వస్తది గాని గాలి ఎట్లొస్తది?" నడుము పట్టుకుని, కారు మీద చెయ్యేసి, ఎన్నడూ వంగనివాడు వంగి చూశాడు. రెండో పక్కకు పోయి అక్కడా చూశాడు. వచ్చి కుర్చీలో కూలబడి రెండు చేతులూ చెంపలకు వేసుకున్నాడు.

"తౌబా, తౌబా! కుడిది ఎడమకు, ఎడమది కుడికి పెట్టించిన. జిందగీ అంతా కారు కింద పడుకొని చూసినోణ్ని, గీ కుర్చీల కారుకు ఎదురుంగ కూసున్న. నా కుడి చెయ్యి దిక్కున్నది కారుకు ఎడమ గదా! గీ తలకాయ ఉల్టా కూసున్నది బిడ్డా."

నా బిడ్డ పకపకా నవ్వింది. "తలకాయ మీదేనంటిరి గదా చాచా!"

"నవ్వు, నవ్వు. పానా తీస్కో ముందు."

క్యాలిపర్లు రెండూ విప్పి అటుదిటు, ఇటుదటు బిగించింది. ఈసారి భాయ్ కుర్చీని తిప్పి, కారు ముఖం ఎటుందో అటే తన ముఖం పెట్టుకుని కూర్చున్నాడు. మధ్యలో కబాడీ ఆయన వచ్చాడు, చాయ్ తాగుతూ అరుగు మీద కూర్చున్నాడు. నిప్పిల్ పైకి వచ్చింది. పైపు తొడిగింది. సీసా అద్దానికి వేలాడదీసింది. పైపు అందింది, ఇంకో బెత్తెడు మిగిలింది కూడా.

నేను సీట్లో కొంగు సర్దుకుని కూర్చున్నాను. చక్రం పక్కన నా బిడ్డ వంగింది, తల కనపడకుండా పోయింది.

"తొక్కు అమ్మా."

గొంతు కింది నుంచి వచ్చింది.

"తొక్కిన."

"మల్ల. మల్ల. పట్టు."

"పట్టిన."

పెడల్ కాలి కింద దిగింది. సీసాలో బుడబుడమని ఒక్కసారిగా బుడగలు. భాయ్ చప్పట్లు కొట్టాడు. కబాడీ ఆయన కూడా చాయ్ కప్పు పట్టుకుని వచ్చి చూశాడు. ఆ పక్కా ఈ పక్కా మార్చి మార్చి తీశాము. బుడగలు సన్నబడ్డాయి, ఒకటీ అరా అయ్యాయి, ఆగిపోయాయి. పెడల్ నా కాలి కింద గట్టిగా నిలబడింది. ఆనాటి పెడలే, ఆనాటి గట్టితనమే.

"అయిపోయింది అమ్మా!" అని కింది నుంచి కేక. "ఇగ దిగు. అన్నా, మీరు ఏమనుకోకుండ్రి, బండి ఇస్తలేం." కబాడీ ఆయన నవ్వి, కప్పు అరుగు మీద పెట్టి పోయాడు.

నేను దిగలేదు. సీసా చూశాను. నూనె కదలకుండా నిలిచి ఉంది.

"లే బిడ్డా," అన్నాను. "ఇంకా గాలి ఉన్నది."

"పెడల్ గట్టిగైందంటివి గదా?"

"ఇంకా ఉన్నది."

భాయ్ సీసా వైపు చూశాడు. నా వైపు చూశాడు. నేను ముందరి అద్దంలోంచి గల్లీలోకి చూస్తూ కూర్చున్నాను. ఆయన టోపీ తీసి చేతిలో పట్టుకున్నాడు.

"యా అల్లా," అన్నాడు మెల్లగా. "గందుకా! ఇన్నేండ్లు వాణ్ని పని రాదని తిట్టిన." కళ్ళు తుడుచుకుని, గొంతు పెంచి, "బిడ్డా, ఇంకా గాలి ఉన్నది. నేను చెప్తున్న గదా. తియ్యి," అన్నాడు.

కింద పానా మళ్ళీ నిప్పిల్‌కు తగిలిన చప్పుడైంది.

"సరే. తొక్కు అమ్మా. పట్టు." ఇంకొంచెం ఆగి అంది, "కబాడీ ఆయనను పిలిచినందుకు నా మీద కోపమొచ్చిందా?"

"పట్టిన," అన్నాను. "రాలేదు బిడ్డా."

"బాపు నీతోని గిట్లనే మాట్లాడుతుండెనా?"

"గిట్లనే."

"ఇడువు."

కాలు తీయాలంటే మనసు రాలేదు. అయినా చెప్పాక వదలాలి కదా, వదిలాను. మళ్ళీ తొక్కాను.

కారు శుక్రవారానికి ముందే భాయ్ షెడ్డుకు తన బ్రేకుల మీద తనే పోయింది. నా బిడ్డ నడిపింది. సోమవారం జూ మూసి ఉన్నప్పుడు దాని ముందరి రోడ్డు ఖాళీగా ఉంటుందని, సెలవు దొరికితే నన్ను ఎక్కించుకుని ఒక చుట్టు తిప్పుతుంది. నేను అద్దం పక్కనే కూర్చుంటానంటే, "గది డ్రైవర్ సీటు అమ్మా, నేను ఏడ కూసోవాలె?" అంటుంది.

అదీ సంగతి. ఇక లేవండి, పొద్దుపోతుంది, మీకూ వంటలుంటాయి. మీ ఇంటి పొయ్యి ఆరకుండా ఉండాలి. మీ బండి ఎక్కడికి పోయినా మలుపులో బ్రేకు పట్టి నిలబడి, మనుషుల్ని చల్లగా ఇంటికి చేర్చాలి. మీరు "పట్టిన" అంటే "ఇడువు" అనే గొంతు ఒకటి మీ ఇంట్లో పదికాలాల పాటు పలుకుతూ ఉండాలి.